జామాయిల్ బిళ్ళలు

మొదటి షిఫ్టు విడిచే యాళ్ళకు రామక్క పొయ్యి మీద పెద్ద గంజుల నీళ్ళు పెడతది. ఎండకాలమైనా వానకాలమైనా బొగ్గుబాయిల పని చేసి వచ్చినోడికి ఉడుకునీళ్ళు కావాల్సిందే, చన్నీళ్ళకు బొగ్గు కదలదు. ఆదినారాయణ వస్తడు, బండి గోడకు ఆనిస్తడు, అరుగు మీద కూసోని దగ్గుతడు. కుక్కర్ విజిల్ ఇన్నట్టు ఆ దగ్గు ఇని రామక్క గంజు దించుతది. పెండ్లయినప్పటి నుంచి ఇదే లెక్క.

ఆ రోజు గంజు దించి తిరిగేసరికి కాలు పెట్ట జాగా లేదు. గచ్చంతా తెల్లపిండి, చిన్నచిన్న సీసాలు, నడుమ బిడ్డ సునంద.

"తొక్కకమ్మా తొక్కకు! అవి ఆరాలె."

"ఏంది ఆరేది? ఇడ్లీ ప్లేట్ల ఏం పెట్టినవే?"

"బిళ్ళలు. తానం జేసే కాడ కింద పెట్టుకోవాలె. నీళ్ళు పడితె బుస్సుమని పొంగుతయి, ఆవిరితోటి వాసన లేస్తది. ముక్కు, ఛాతీ, మనసు అన్నీ తేలికైతయి. పట్నంల కొనుక్కుంటరు."

"మనసుకు బిళ్ళనా! ముందు నీ మనసును ఓ కాడ కూసోమను."

రామక్క అన్నది ఉత్తమాట కాదు. టేకులపల్లి రోడ్డుకున్న ఈ బస్తీల సునందను అందరు కాలుగాలిన పిల్లి అంటరు. పాలిటెక్నిక్ రెండో ఏడు నడుమల బంద్ వెట్టింది. కుట్టుమిషన్ నేర్చింది, వదిలింది. ఖమ్మంల చీరల షాపుల నిలబడ్డది, వదిలింది. ఏదీ రాక కాదు, అన్నీ వచ్చినయి. వచ్చినంక ఇంక ఆడ ఏం పని అనిపించేది ఆమెకు. కూసుంటె కాలు ఊపుతది, నిలబడితె తలుపు దిక్కు చూస్తది.

ఈ బిళ్ళల ముచ్చట కొత్తగూడెంల పార్లర్ నడిపే లిఖిత మేడం కాడ మొదలైంది. ఫోన్‌ల వీడియో చూపెట్టి, "ఇసొంటివి చేస్తవా? మంచిగొస్తె అద్దం పక్కన పెట్టి అమ్ముత" అన్నది. సునంద ఆ రోజే వంటసోడా, నిమ్మఉప్పు, మొక్కజొన్న పిండి తెచ్చింది. మొదటిసారి పకోడీ పిండి కలిపినట్టు చెంబుతోటి నీళ్ళు పోసింది. తాంబాలం తాంబాలమే పొంగి, నురగ గడప దాటి పక్కింటి కోళ్ళ కాడికి పోయింది. రెండోసారి భయపడి నీళ్ళే పొయ్యలే. ఆరినంక ముట్టుకుంటె ముగ్గుపిండి లెక్క రాలింది. మూడోసారికి చెయ్యి తెలిసింది. సోడా రెండు వంతులు, నిమ్మఉప్పు ఒక వంతు, కొంచెం పిండి, నీళ్ళు మాత్రం ఇస్త్రీ బట్టల మీద చిలకరించినంత. పిడికిట్ల పడితె ముద్ద నిలవాలె, వేలుతోటి పొడిస్తె ఇరగాలె.

ఇగ నూనె. కొట్ల కొన్న సీసాల పేరే ఉన్నది గని వాసన లేదు. అందుకని తండాకు పోయింది. ఆడ లాల్‌సింగ్ జామాయిల్ తోట అంచుకు డ్రమ్ము పెట్టి ఆకు ఉడకబెడతడు, ఆవిరి పట్టి నూనె తీస్తడు. ఆయన భార్య ద్వాలి నిమ్మగడ్డి కోసుకొస్తది.

"ఎంత కావాలె?" అన్నడు లాల్‌సింగ్.

"ఓ గ్లాసెడు పొయ్యి మామా."

"గ్లాసెడు పోసి తానం జేస్తె కండ్లకు గుడ్డలు కట్టుకొని తిరగాలె మీ బస్తీ అంతా. చుక్కలు పిల్లా, చుక్కలు."

ద్వాలి నవ్వి, "ఎవరికే?" అన్నది.

"పార్లర్‌కు."

"మీ నాయిన ఆయాసం ఇన్నవా ఎప్పుడన్న? ఈడ రోడ్డు మీద బండి ఆపి దగ్గుతడు, మా మేకలు బెదురుతయి. ముందు ఆయనకియ్యి ఒకటి."

అందుకే ఆ రోజు ఆరిన బిళ్ళలల్ల మొదటిది సునంద తండ్రి చేతిల పెట్టింది. "నాయినా, మూలకు పెట్టు. దాని మీద పొయ్యకు, పక్కన పొయ్యి. తలుపు దగ్గరికేసుకో."

"తినేదా?"

"పీల్చేది."

ఆదినారాయణ లోపటికి పోయిండు. మగ్గు సప్పుడైంది. బుస్సుమన్నది. జామాయిల్ ఘాటు, ఎనకనే నిమ్మగడ్డి వాసన ఇల్లంతా నిండినయి. లోపట నుంచి ఓ పెద్ద దగ్గు. ఆ తర్వాత తలుపు కింది సందుల నుంచి చీకటి బయటికొచ్చింది.

పొగ కాదు, చీకటే. బాయిల ఉండేది. నల్లగ, సల్లగ, గచ్చు మీద మడమలెత్తున పరుచుకున్నది.

రామక్క చీపురు తీసింది. "ఇంతగనం లోపట పెట్టుకొని తిరుగుతున్నడా ఈ మనిషి! సునందా, బేసిన్ పట్టు. తడిబట్టతోటి తుడవకు, అంటుకుంటది."

తల్లీబిడ్డలు ఊడ్చి బేసిన్‌ల కెత్తిన్రు. పారబొయ్యనీకె వాకిట్లకు తెస్తె పక్కింటి నవత గోడ మీంచి చూసింది. చంటిపోరడు చంకల ఏడుస్తున్నడు.

"అత్తా, అంత మంచి చీకటి పారబోస్తరా? జర నాకియ్యి. వీడు పగటిపూట కన్నుమూస్తలేడు."

"తీస్కపో. కిటికీ మూసి పరువు, ఎండ తగిలితె పలచనైతది."

ఉయ్యాల కింద పరిచింది. పోరడు పొద్దుగూకేదాక లేవలే.

ఇగ రోజూ అదే. ఆదినారాయణ తానం, రామక్క చీపురు, వాకిట్ల బకెట్లు. ఎండలు ముదురుతున్నయి, కరెంటు ఉండీ లేక. ఒకరు కోళ్ళగూట్లకు తీస్కపోయిన్రు. కిరాణం ఆయన కూల్‌డ్రింకుల చుట్టు పోసుకున్నడు. ముసలోళ్ళు మంచాల కింద పరుచుకొని నడిపొద్దు కునుకు తీసిన్రు. "మీ చీకటి మంచిగుంటది రామక్కా, మట్టివాసనొస్తది" అని మెచ్చుకున్నరు గూడ. రామక్క పెరుగు మెచ్చుకున్నంత సంబరపడ్డది.

ఆదినారాయణ ఏండ్ల నుంచి గోడకు ఒరిగి కూసోని పండుకునెటోడు. పడుకుంటె ఊపిరాడదు. ఓ రోజు తిన్నంక మంచం మీద ఎల్లకిల పడి, నోరు తెరిచి, గురక పెట్టిండు. సునంద కాలు ఊపుడు ఆపి ఆ గురక ఇన్నది. దాంట్ల పిల్లికూత లేదు. తేట గురక. ఒక పని చేసినంక మళ్ళ చెయ్యాలనిపించుడు ఆమెకు అదే మొదలు. పార్లర్‌కని ఓ పెద్ద డబ్బా నిండ బిళ్ళలు ఒత్తింది.

అప్పుడొచ్చిండు సీతయ్య. రామక్క తమ్ముడు, యూనియన్‌ల తిరుగుతడు.

"బావా, సోమవారం నీకు మెడికల్ బోర్డు. కాయితం వచ్చింది" అనుకుంట లోపటికొచ్చి, ఆగి, చెవి పెట్టిండు. "ఏందక్కా, బావ దగ్గుతలేడు?"

"మంచిగైంది తమ్మీ."

"మంచిగైందా!" సీతయ్య తల పట్టుకున్నడు. "ఎవలు జేసిన్రు ఈ పని?"

రామక్క సునంద దిక్కు చూసింది. సునంద తలుపు దిక్కు చూసింది.

బాయిపని చేసేటోళ్ళ ఇండ్లల్ల ఇది చిన్నపోరలకు గూడ ఎరుకే. బోర్డు డాక్టర్లు పనికి అన్‌ఫిట్ అంటె తండ్రి కొలువు ఇడుస్తడు, ఉద్యోగం బిడ్డకొస్తది. ఫిట్ అంటె తండ్రి మళ్ళ బాయిల దిగుతడు, రిటైరయ్యేదాక. ఉద్యోగం ఆయనతోనే పోతది. ఒకలు దిగాల్సిందే. తండ్రన్న దిగాలె, బిడ్డన్న దిగాలె. ఆదినారాయణ బోర్డుకు పెట్టుకున్నదే సునంద కోసం. ఏ పనిల నిలవని పిల్ల, కంపెనీ ఉద్యోగమైతె నిలుస్తదని.

"ఆయాసం నిజంగనే ఉండె గదా" అన్నది రామక్క, ఏడుపు గొంతుతోటి. "దొంగతనం జేసినమా?"

"ఉండె. ఇప్పుడేది? పిల్ల బతుకును పిల్లనే బకెట్లకెత్తి వాడకట్టుకు పంచింది."

సునందకు మంటలేసింది. "నాకేం తెల్సు మామా! నేను వాసనకు చేసిన."

"వాసనకు చేసినవ్. ఎనకట నుంచి నీ పనులన్ని గట్లనే."

ఆదినారాయణ మెల్లగ అన్నడు. "ఎందుకురా లొల్లి. అది యాడికి పోయింది, వాడకట్టుల్నే ఉన్నది. అడిగి తీస్కొస్తె తాగుత. ఎన్నేండ్లు పీల్చలే?"

రామక్క బేసిన్ తీస్కొని బయటికి నడిచింది.

ఇచ్చినది తిరిగి అడుగుడంత కష్టం ఇంకోటి లేదు. కిరాణం ఆయన సగమే ఇచ్చి, "మిగిలింది ఎండకు ఇగిరింది" అన్నడు. కోళ్ళగూటి చీకటిల ఈకలు తేలుతున్నయి. ఓ ముసలామె మంచం దిగనన్నది, "సచ్చినంక తీస్కపో" అని. నవత మాత్రం ఉయ్యాల కిందిది ఒక్క మరక మిగలకుండ ఊడ్చి తెచ్చింది.

"పాలవాసన కొడతది మామకు, ఏమనుకోడు గదా?" అన్నది. పోరడు చంకల మళ్ళ ఏడుపు ఎత్తుకున్నడు.

రామక్క అన్నిటినీ మంచం కింద వరుసగ పెట్టి మూతలేసింది. సునందతోటి, "బోర్డయ్యేదాక ఒక్క బిళ్ళ ముట్టినవంటె చేతులిరుగుతయి" అన్నది.

సునంద ఇంట్ల నిలవలే. రోడ్డెక్కింది, బస్టాండ్ దాక పోయింది, మళ్ళొచ్చింది. మళ్ళ పోయింది. ఉద్యోగం గురించి ఆలోచిస్తె ఊపిరి సలపదు. ఉద్యోగం లేకుంటె ఏంది అని ఆలోచిస్తె గూడ సలపదు. ఆడపిల్లల్ని గూడ బాయిల దింపుతున్నరు ఇప్పుడు. పోనీ, దిగుదాం. జీతమొస్తది, అమ్మ మొకం ఎలుగుతది. గట్లనుకొని పది అడుగులు వేస్తది, పదకొండోది పడదు.

సోమవారం పొద్దుగాల సీతయ్య ఆటో తెచ్చి బయట హారన్ కొడుతున్నడు. రామక్క ఉతికిన అంగీ తీసి పెట్టింది. సునంద పార్లర్ డబ్బా సంచిల పెట్టుకొని బస్సుకు బయలెల్లింది. లిఖిత మేడం అద్దం పక్కన జాగా చేసి పెట్టింది. పొయ్యేముందు తండ్రికి చెప్దామని లోపటికి తొంగి చూసింది.

ఆదినారాయణ కింద కూసున్నడు. మొదటి బేసిన్ మూత తీసి ముందట పెట్టుకున్నడు. వేపకషాయం ముందట పిల్లగాడు కూసున్నట్టు.

"పోయొస్త నాయినా."

"మంచిది బిడ్డా. ఇది తాగినంక నాకు మాట రాకపోవచ్చు, ఇప్పుడే చెప్తున్న. ఉద్యోగమొస్తె వదలకు. మొదట్ల భయమైతది. తర్వాత కండ్లు దానికి అలవాటు పడతయి."

"లోపట ఎట్లుంటది?"

"ఎట్లుంటది? చీకటిగుంటది."

ఎప్పుడడిగినా అదే మాట. సునంద సంచి దించింది. బేసిన్ ముందట వంగి, తండ్రి వద్దనేలోపల తల దాంట్ల పెట్టింది.

కనబడుడు ఏం లేదు. ఇనబడ్డది. టప్, టప్ అని నీటిచుక్క. దూరంగ ఇనుపతాడు గుంజుకుపోయే సప్పుడు. ఇనుపకడ్డీతోటి ఎవరో పైకప్పును కొడుతున్నరు. కొట్టి, ఆగి, ఇంటున్నరు. మళ్ళ కొట్టి, ఆగి, ఇంటున్నరు. ఆగినప్పుడు ఊపిరి గూడ లేదు. ఆ ఆగుడు ఆమె తండ్రిది. కప్పు కూలుతదా కూలదా అని ఇననీకె, ఈ మనిషి ఇన్నేండ్లు ఊపిరి బిగబట్టుకొనే బతికిండు. అప్పుడు కడ్డీ కింద పడ్డది. తండ్రి గొంతే, గని పడుచుగొంతు, అరుస్తున్నది. "పగిడన్నా! ఓ పగిడన్నా!" జవాబు లేదు. నీటిచుక్క ఒక్కటే. టప్.

తల బయటికి తీసింది. జుట్టు సల్లగైంది.

"పగిడన్న ఎవరు నాయినా?"

ఆదినారాయణ ఆమె జుట్టు తుడిచిండు. "బాయిల నా జోడి. కప్పు కింద పోయిండు. అప్పటికి నువ్వు పుట్టలే."

"ఎప్పుడు చెప్పలే మాకు."

"ఇంటికి తేవద్దనుకున్న. అదేమో లోపటనే కూసున్నది."

బయట హారన్. రామక్క గొంతు, "అయిందా ఏమయ్యా? జల్దీ!"

ఆదినారాయణ బేసిన్ ఎత్తిండు. సునంద రెండు చేతులతోటి పట్టుకున్నది. "తాగకు."

"ఇడువు బిడ్డా, నాకు అలవాటే."

"ఆ ఉద్యోగం నేను చేస్తనో చెయ్యనో నాకే తెల్వదు. నువ్వు మాత్రం దీన్ని మళ్ళ తాగద్దు."

"పిచ్చిదానా, ఫిట్ అంటె మళ్ళ నేను దిగాల్నే గదా."

"దిగు. వచ్చినప్పుడల్ల తీస్త."

తండ్రి ఆమె మొకం చూసిండు. ఈ పిల్ల ఒక పనిని "వచ్చినప్పుడల్ల" చేస్త అనుడు ఆయన ఎన్నడు ఇనలే. బేసిన్ కింద పెట్టిండు.

సునంద పార్లర్ డబ్బా మూత తీసింది. ఆలోచిస్తె కాలు ఎనక్కి పోతదని ఆలోచించలే. బాత్రూం గచ్చు మీద డబ్బా మొత్తం బోర్లించి, గంజుల ఉడుకునీళ్ళు తెచ్చి పెట్టింది. ఆదినారాయణ లోపటికి పోయి తలుపేసుకున్నడు.

ఈసారి బుస్సుమనలే, గర్జించింది. ఘాటుకు అందరి కండ్లెంబడి నీళ్ళు. తలుపు కింద నుంచి చీకటి మోకాళ్ళెత్తున దూకింది. మంచం కింది బేసిన్ల మూతలు ఒక్కొక్కటి లేచిపడ్డయి, ఆ చీకటిగూడ దీని ఎంబడే నడిచింది. వాకిలి దాటింది, వాడ నిండింది. పొద్దున పూటనే కోళ్ళు గూట్లకు పోయినయి. సీతయ్య ఆటో డ్రైవర్ లైట్లేసుకున్నడు. నవత పోరడు ఏడుపాపి ఆవులించిండు. రామక్క వాకిట్ల నిలబడి, "సునందా! ఏం జేసినవే!" అని ఒక్క కేక పెట్టింది. చీకటి మోరికాలువల పడి, రోడ్డు దాటి, జామాయిల్ తోటల ఇంకిపోయింది.

ఆదినారాయణ తల తుడుచుకుంట బయటికొచ్చి, "ఇగ ఏం లేదు" అన్నడు. గొంతు ఖాళీ గదిల గంట కొట్టినట్టున్నది.

బోర్డు కాడ ఏమైందో సీతయ్య వచ్చి చెప్పిండు. చెప్పుకుంట మూడు చెంబుల నీళ్ళు తాగిండు.

"ఛాతీ చూసిన్రు. పదహారేండ్ల పోరని ఛాతీ అన్నరు. నేను అయిపోయిందనుకున్న. తర్వాత కండ్లు చూసిన్రు. ఎలుతుర్ల గద్దచూపు, అన్ని అక్షరాలు చదివిండు. ఇగ దీపం ఆర్పిన్రు. నాలుగడుగులు నడువు అన్నరు. బావ పోయి గోడకు గుద్దుకున్నడు! మళ్ళ నడిపిచ్చిన్రు, డాక్టరునే గుద్దుకున్నడు. బాయిల చూపు ఉండేది ఆ చీకటితోనే గదా, అది పోతె చూపును గూడ తీస్కపోయింది. డాక్టర్లు గుసగుసలాడిన్రు. బాయిలకు పనికిరాడు. పైపనికి పనికొస్తడు. అదే రాసిన్రు."

"అంటె?" అన్నది రామక్క.

"బత్తీల రూం. బాయిల దిగేటోళ్ళకు నెత్తికి పెట్టుకునే బత్తీలిచ్చుడు, ఎక్కొచ్చినోళ్ళ కాడ తీస్కొనుడు. బావ దిగడు. ఆయన కొలువు ఉన్నది గనుక పిల్లకు ఉద్యోగం గూడ లేదు."

రామక్క లోపటికి పోయి గిన్నెలు తోమింది, తోమినవే మళ్ళ తోమింది. సునందతోటి మాట బంద్. అన్నం పెడతది, మాట్లాడదు. లిఖిత మేడం మాత్రం ఫోన్‌ల మాట్లాడింది. "జాగా చేసి కూసున్న, నువ్వు రాలే. నీ మాటకు నిలకడ లేదు" అని కట్ జేసింది.

బస్తీల గూడ రెండు పార్టీలైనయి. మొగుళ్ళ బోర్డు అయిపోయినోళ్ళు డబ్బాలు పట్టుకొని వాకిట్లకొస్తరు, "మా ఆయనకో బిళ్ళ ఇయ్యవే సునందా" అని. బోర్డు కాకముందోళ్ళు ఆ ఇంటి ముందట ముక్కు మూసుకొని, ఊపిరి బట్టి ఉరుకుతరు, వాసన గూడ తమ ఇంట్లకు రావద్దని. సునంద వచ్చినోళ్ళకు చేస్తున్నది. లాల్‌సింగ్ కాడికి పోతది, ఒత్తుతది, ఆరబెడతది. ఎప్పుడు వదులుతదో అని అందరు చూస్తున్నరు. ఆమె గూడ చూస్తున్నది.

ఒక్క చిక్కొచ్చింది. బత్తీల రూం షిఫ్టు పొద్దుగూకినంక విడుస్తది. ఎలుతురు పోతె ఆదినారాయణకు అడుగు ముందుకు పడదు, బండి ఇంట్లనే ఉన్నది. అందుకని మునిమాపున సునంద బాయి గేటు దాక నడిచి పోతది. ఆయన బయటికొచ్చి చెయ్యి చాపుతడు, ఆమె భుజం ఇస్తది. జామాయిల్ తోటల నడుమ రోడ్డు.

"యాడిదాక వచ్చినం?"

"కల్వర్టు. కప్పలు ఇనబడతలేవా?"

"అవ్, ఇనబడతయి." ఆదినారాయణ ఛాతీ నిండ గాలి తీసిండు, తీస్తనే ఉన్నడు, ఎంతకూ ఆగలే. ఇడిచినంక నడక పెంచిండు. ఆ ఊపిరితోటి ఏం చెయ్యాల్నో ఆయనకు ఇంక తెలుస్తలేదు, కాళ్ళల్లకు దిగుతున్నది.

"మీ అమ్మ మాట్లాడిందా?"

"ఇయ్యాల తిట్టింది."

"మాట్లాడినట్టే."

ఇంకా పెంచిండు. తొవ్వ కనబడదు, ఐనా ఉరుకుతున్నడు, బిడ్డను గుంజుకుంట. సునంద చెప్పు ఊడింది. ఒక్కకాలి మీద కుంటుకుంట, తండ్రి చెయ్యి రెండు చేతులతోటి పట్టి ఎనక్కి గుంజింది.

"ఆగు నాయినా," అన్నది, ఆయాసపడుకుంట. "జర ఆగు. మెల్లగ పోదాం."